భవనం గేటు దగ్గరి నాలుగు నోళ్ల ఎర్ర పైపు: ఫైరింజను నీళ్లు పై అంతస్తుకు ఎలా చేరతాయి?

ఎయిర్‌బైపాస్_కార్యదర్శి | మార్చి 9, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. మాది తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కన స్టిల్టు మీద తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంటు. గత నెలలో సంఘం కార్యదర్శి బాధ్యత నాకు అప్పగించారు. గేటు పక్కన ప్రహరీ గోడకు ఆనుకొని, నడుమెత్తున, నాలుగు నోళ్లున్న ఎర్ర ఇనుప పైపు ఒకటి ఉంది. దాని ఒక నోటి మూత కింది నుండి రెండేళ్ల పాటు చుక్కలు చుక్కలుగా నీళ్లు కారి నేల పాచి పట్టింది. పాలు పోసే అతను ఒకసారి అక్కడ జారిపడ్డాడు కూడా. అప్పటి కార్యదర్శి గారు పైపుల పనివాణ్ణి పిలిపిస్తే, అతను వెనకనున్న వాల్వు చక్రం తిప్పి మూసివేశాడట. ఆ రోజు నుండి చుక్క కారలేదు. ఇప్పుడు ఆ పైపు ముందు పూలకుండీలు పెట్టారు, వాటి ముందు స్కూటర్లు నిలుపుతున్నారు.

కింద పంపు గదిలో మూడు పంపులు ఉన్నాయి. అన్నీ పని చేస్తున్నాయని నిర్వహణ చూసేవారు చెబుతున్నారు. అలాంటప్పుడు ఈ నాలుగు నోళ్ల పైపు పని ఏమిటి? వాల్వు మూసి ఉంచడం వల్ల నష్టం ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

---

విశ్రాంత_అగ్నిమాపక_ఉద్యోగి | మార్చి 9, ఉదయం 9:15

కార్యదర్శి గారూ, ముందు ఆ పూలకుండీలు తీయించండి, తరువాత నా సమాధానం చదవండి.

మీ భవనంలో మెట్ల పక్కన ప్రతి అంతస్తులోనూ ఎర్ర పెట్టె, అందులో చక్రమున్న లాండింగ్ వాల్వు, చుట్టిన హోసు ఉంటాయి. ఆ వాల్వులన్నిటినీ కలుపుతూ కింది నుండి పైదాకా నిలువునా వెళ్లే లావుపాటి గొట్టాన్ని రైజరు అంటాము. అందులో ఎల్లవేళలా ఒత్తిడితో నీళ్లు నిండి ఉంటే అది వెట్ రైజరు. మూడు పంపులు ఉన్నాయంటే మీది అదే. జాకీ అనే చిన్న పంపు చిన్నాచితకా కారుడు వల్ల తగ్గిన ఒత్తిడిని సరిచేస్తుంటుంది. ఎవరైనా హోసు తెరిచి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే పెద్ద కరెంటు పంపు దానంతట అదే మొదలవుతుంది. అది మొదలవకపోతే, ఒత్తిడి ఇంకొంచెం పడిన తరువాత డీజిల్ పంపు అందుకుంటుంది. పెద్ద పంపును మాత్రం మనిషి చేత్తోనే ఆపాలి, మంటలు ఆరకముందే అది తనంతట తాను ఆగకూడదని అలా పెట్టారు.

మీరు అడిగిన నాలుగు నోళ్ల పైపును మేము ఫైర్ బ్రిగేడ్ ఇన్‌లెట్ అంటాము. మీ పంపులు ఏ కారణం చేతనైనా నిలిచిపోతే, లేదా వాటి బలం చాలకపోతే, మా ఫైరింజను వచ్చి ఆ నోళ్లకు 63 మిల్లీమీటర్ల హోసులు తగిలించి, ఇంజను మీదున్న పంపుతో నీళ్లను ఒత్తిడి పెట్టి నేరుగా మీ రైజరులోకి ఎక్కిస్తుంది. అప్పుడు తొమ్మిదో అంతస్తులో ఉన్న మా మనుషులు అక్కడి లాండింగ్ వాల్వుకే హోసు తగిలించుకొని నీళ్లు కొడతారు. ఈ దారి లేకపోతే కింది నుండి తొమ్మిది అంతస్తుల మెట్ల మీదుగా హోసును లాక్కుంటూ పోవాలి. నీళ్లు నిండిన హోసు బరువు ఎంతో మోసినవాడికే తెలుస్తుంది.

ఆ వాల్వు మూసి ఉన్నంతకాలం మీ ఇన్‌లెట్ గోడకు తగిలించిన బొమ్మతో సమానం.

---

సైట్_ఇంజనీరు_రేణిగుంట | మార్చి 9, మధ్యాహ్నం 1:05

పెద్దవారి మాటను కాదనడం లేదు గానీ, నా అనుభవంలో కరెంటు పంపు, డీజిల్ పంపు రెండూ సక్రమంగా ఉన్న భవనంలో ఇన్‌లెట్ వాడవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. కారుతున్నప్పుడు వాల్వు మూయడం తాత్కాలికంగా తప్పేమీ కాదని నా అభిప్రాయం. సంఘం దగ్గరున్న డబ్బును డీజిల్ ఇంజను బ్యాటరీ మీద, ప్యానెల్ బోర్డు మీద ఖర్చు పెడితే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

---

విశ్రాంత_అగ్నిమాపక_ఉద్యోగి | మార్చి 9, సాయంత్రం 6:30

ఇంజనీరు గారూ, బ్యాటరీ గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. సెల్ఫ్ కొట్టినా లేవని డీజిల్ ఇంజన్లను తనిఖీలలో నేను లెక్కలేనన్ని చూశాను. సరిగ్గా అందుకే ఇన్‌లెట్ తెరిచి ఉండాలి అంటున్నాను.

మంటలు అంటుకున్న భవనంలో మొదట జరిగే పని మెయిన్ ఆపివేయడం. పంపు గదికి కరెంటు ఆ మెయిన్ కంటే ముందు నుండే విడిగా రావాలని నియమం. చాలాచోట్ల తరువాత వచ్చిన ఎలక్ట్రీషియన్లు సౌకర్యం కోసం దాన్ని సాధారణ ప్యానెల్‌కు కలిపేస్తారు. అప్పుడు లైట్లతో పాటు పంపు కూడా ఆగుతుంది. ఆ క్షణంలో డీజిల్ కూడా లేవకపోతే మిగిలేది రోడ్డు మీద నిలబడ్డ ఫైరింజను ఒక్కటే.

1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తున మంట మొదలయింది. కరెంటు పోయింది, అత్యవసర జనరేటరూ నిలవలేదు. రైజరు వాల్వులకు బిగించిన ఒత్తిడి తగ్గించే పరికరాలను తప్పుగా అమర్చడం వల్ల సిబ్బంది హోసుల్లోకి చాలినంత ధార రాలేదు. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అంతస్తు తరువాత అంతస్తు ఎక్కిన ఆ మంటను చివరికి ఆపినది 30వ అంతస్తులో తెరుచుకున్న పది స్ప్రింక్లర్లు, అంటే వేడి తగిలితే వాటంతట అవే నీళ్లు చిమ్మే నోళ్లు. వాటికి నీళ్లు అందించినది భవనం పంపు కాదు, కింద వీధిలో నిలిచిన ఫైరింజన్లు, మీ గేటు దగ్గర ఉన్నటువంటి ఇన్‌లెట్ ద్వారా. ఆ ఇన్‌లెట్ వెనక వాల్వును ఎవరైనా చుక్కలు కారుతున్నాయని మూసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

---

ద్రవయాంత్రిక_అధ్యాపకురాలు | మార్చి 9, రాత్రి 9:20

ఒత్తిడి లెక్కను ఒకసారి చూస్తే ఈ అమరిక ఎందుకు ఇలా ఉందో స్పష్టమవుతుంది. నీటిని ప్రతి 10 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి సుమారు చదరపు సెంటీమీటరుకు 1 కిలో ఒత్తిడి ఖర్చవుతుంది. కార్యదర్శి గారి భవనంలో స్టిల్టుతో కలిపి తొమ్మిదో అంతస్తు లాండింగ్ వాల్వు నేల నుండి సుమారు 28 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే అక్కడికి నీరు చేరడానికే 2.8 కిలోలు పోతాయి. చేరితే చాలదు, నాజిల్ నుండి పనికొచ్చే ధార రావాలంటే ఆ వాల్వు దగ్గర 3.5 కిలోల ఒత్తిడి మిగిలి ఉండాలి. హోసుల్లో, వంపుల్లో, వాల్వుల్లో రాపిడి వల్ల పోయేదాన్ని ముప్పాతిక కిలోగా అనుకుందాము. మొత్తం కలిపితే కింద ఇన్‌లెట్ దగ్గర 7 కిలోలు కావాలి.

మన దగ్గర సాధారణంగా కనిపించే ఫైరింజను పంపు ఇంచుమించు ఆ ఒత్తిడి వద్దే తన పూర్తి ప్రవాహాన్ని ఇస్తుంది. కాబట్టి తొమ్మిది, పది అంతస్తుల దాకా ఒక్క ఇంజను నెట్టుకొస్తుంది. ఇరవై అంతస్తులకు అదే ఇంజను ఒంటరిగా నీళ్లు ఇవ్వలేదు. అక్కడ ఒక పంపు ఇచ్చిన ఒత్తిడికి ఇంకొక పంపు ఒత్తిడి తోడవ్వాలి. ఇలా ఒత్తిడికి ఒత్తిడిని తోడు చేసే అమరికనే బూస్టరు అంటారు.

మరొక సంగతి కూడా ఉంది. పైన 3.5 ఉండాలని కింద 7 పెడితే, మొదటి అంతస్తు వాల్వు దగ్గర 6 కిలోలకు పైగానే ఉంటుంది. ఇంకా ఎత్తైన భవనాల్లో ఇది భరించలేనంత పెరిగి, హోసు పట్టుకున్న మనిషిని వెనక్కి తోసేస్తుంది. అందుకే కింది అంతస్తుల వాల్వుల్లో చిన్న రంధ్రమున్న ఆరిఫిస్ బిళ్లలు వేసి ఒత్తిడిని తగ్గిస్తారు. ఆ బిళ్లను పొరపాటున పై అంతస్తులో వేస్తే ఫిలడెల్ఫియాలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది.

---

పైపుల_మేస్త్రి_కొర్లగుంట | మార్చి 10, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. నేను ముప్పై ఏళ్లుగా పైపుల పని చేస్తున్నాను. పెద్దలు చెప్పినవన్నీ సరే, కానీ అసలు నీళ్లు ఎందుకు కారాయో ఎవరూ అడగలేదు.

ఇన్‌లెట్ వెనక ఒక నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది. లోపల పైన కీలు మీద వేలాడే రేకు తలుపు లాంటిది దాని ప్రాణం. ఫైరింజను వైపు నుండి నీళ్లు తోస్తే అది తెరుచుకుంటుంది. రైజరు నుండి నీళ్లు వెనక్కి వస్తే అది మూసుకుంటుంది. అది పని చేస్తుంటే రైజరు నీళ్లు ఇన్‌లెట్ నోటిదాకా రానే రాకూడదు. మీకు రెండేళ్లు కారాయంటే రెండే కారణాలు. మొదటిది, ఆ తలుపు కింద చెత్త, వెల్డింగు చిట్టెం, లేదా మన బోరు నీళ్లలో గట్టిపడే తెల్లటి సున్నపు పొర చిక్కుకొని అది పూర్తిగా మూసుకోవడం లేదు. రెండోది, వాల్వును తిరగేసి బిగించారు. రెండోది జరగదని అనుకోకండి, నేను చూశాను.

కార్యదర్శి సార్, ఆ వాల్వు ఒంటి మీద పోతపోసిన బాణం గుర్తు ఉంటుంది. పైన రంగు మందంగా వేసి ఉంటే తీగ బ్రష్షుతో గీకి చూడండి. బాణం గేటు వైపు నుండి భవనం వైపు చూపించాలి. ఇంకొక మాట. కారిన ఆ రెండేళ్లలో పంపు గదిలో చిన్న మోటారు మాటిమాటికీ తిరిగేదా అని మీ వాచ్‌మన్‌ను అడగండి.

---

ఎయిర్‌బైపాస్_కార్యదర్శి | మార్చి 11, రాత్రి 8:10

మేస్త్రి అన్నా, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజమయింది.

ఈ రోజు మధ్యాహ్నం కుండీలు, స్కూటర్లు తీయించి, నేనూ వాచ్‌మనూ కూర్చొని రంగు గీకాము. మూడు పొరల ఎర్ర రంగు కింద బాణం బయటపడింది. అది సరిగ్గా గేటు వైపు చూపిస్తోంది. అంటే భవనం కట్టిన నాటి నుండి ఆ వాల్వు తిరగబడే ఉంది. రైజరు నీళ్లు దాని గుండా ఏ అడ్డూ లేకుండా వచ్చి, ఇన్‌లెట్ నోళ్లలోని చిన్న తలుపుల దగ్గర ఆగి, అరిగిన వాషరు గుండా చుక్కలుగా కారేవి. మోటారు సంగతి అడిగితే వాచ్‌మన్ వెంటనే చెప్పాడు: రాత్రిళ్లు గంటకోసారి చిన్న మోటారు కాసేపు తిరిగి ఆగిపోయేదట, వాల్వు మూసిన తరువాత ఆ చప్పుడు తగ్గిందట. మేమందరం దాన్ని రిపేరు అయిందని సంతోషించాము.

మనసును ఎక్కువగా కలచివేసినది ఒకటుంది. మూసిన వాల్వును ఆపదలో ఎవరైనా గుర్తించి తెరిచినా లాభం ఉండేది కాదు. ఫైరింజను ఎంత గట్టిగా తోస్తే తిరగబడిన ఆ తలుపు అంత గట్టిగా మూసుకునేది. ఈ భవనంలో యాభై నాలుగు కుటుంబాలు ఉన్నాయి.

---

పైపుల_మేస్త్రి_కొర్లగుంట | మార్చి 11, రాత్రి 9:00

దిగులు పడకండి సార్, ఇది ఒక పూట పని. మీరు మూయించిన వాల్వు నాన్ రిటర్న్ వాల్వుకూ రైజరుకూ మధ్యలో ఉంది కదా. అది మూసే ఉంటే రైజరు ఖాళీ చేయవలసిన పని లేదు. రెండు ఫ్లాంజీల బోల్టులు విప్పి, వాల్వును బయటికి తీసి, తలుపు కింద శుభ్రం చేసి, తిప్పి బిగించాలి. రబ్బరు గాస్కెట్లు కొత్తవే వేయాలి, పాతవి మళ్లీ వేస్తే ఖచ్చితంగా కారుతుంది. నాలుగు నోళ్ల వాషర్లు కూడా అప్పుడే మార్చించండి.

---

గిరింపేట_నివాసి_చిత్తూరు | మార్చి 12, ఉదయం 10:25

చర్చ చదివి మా భవనంలోనూ చూశాను. మాది చిత్తూరులో స్టిల్టు మీద ఐదు అంతస్తులు, సుమారు 18 మీటర్ల ఎత్తు. కింద పంపు గది లేదు, మేడ మీద ట్యాంకు, దాని పక్కన ఒక పంపు, అక్కడి నుండి కిందికి దిగే ఎర్ర గొట్టం ఉన్నాయి. కింద మాత్రం ఇలాంటి ఇన్‌లెట్టే ఉంది. మేడ మీదే ట్యాంకు ఉన్నప్పుడు నీళ్లు వాటంతట అవే దిగుతాయి కదా, మాకు పంపూ ఇన్‌లెట్టూ ఎందుకు?

---

ద్రవయాంత్రిక_అధ్యాపకురాలు | మార్చి 12, మధ్యాహ్నం 12:40

మీది డౌన్‌కమర్ పద్ధతి. జాతీయ భవన నిర్మాణ స్మృతి మధ్యస్థమైన ఎత్తున్న నివాస భవనాలకు దీన్ని అనుమతిస్తుంది. నీళ్లు దిగుతాయన్నది నిజమే, కానీ ట్యాంకుకు ఎంత దిగువన ఉంటే అంతే ఒత్తిడి. మొదటి అంతస్తులో ఒకటిన్నర కిలో వరకు రావచ్చు గానీ, ఐదో అంతస్తు వాల్వు ట్యాంకు అడుగుకు మూడు నాలుగు మీటర్ల దిగువనే ఉంటుంది కాబట్టి అక్కడ అర కిలో కూడా ఉండదు. ఆ ధార తోట మొక్కలకు సరిపోతుంది, మంటకు కాదు. అందుకే మేడ మీద పంపు పెట్టారు.

మీ ఇన్‌లెట్ విషయంలో అడగవలసిన ప్రశ్న వేరు. ఫైరింజను కింది నుండి నీళ్లు తోసినప్పుడు అవి గొట్టంలో పైకి ఎక్కి, దారి దొరికితే నేరుగా మేడ మీది ట్యాంకులో పడిపోతాయి. ట్యాంకు నిండి పిట్టగోడ మీదుగా పొర్లుతుంటే, ఐదో అంతస్తులో హోసు మెత్తగా వేలాడుతుంటుంది. దాన్ని ఆపేది మేడ మీద పంపు దాటిన తరువాత ఉండవలసిన నాన్ రిటర్న్ వాల్వు. పంపును తప్పించి పోయే బైపాస్ గొట్టం ఉంటే దానికి కూడా ఒకటి ఉండాలి. మీరు ఈ రోజే మేడ ఎక్కి, అవి ఉన్నాయా, బాణాలు కిందికి చూపిస్తున్నాయా అని పరిశీలించండి.

---

మెల్‌బోర్న్_నుండి_చిత్తూరు_వాడు | మార్చి 12, సాయంత్రం 5:15

నేను ఆస్ట్రేలియాలో భవనాల నిర్వహణ రంగంలో పని చేస్తున్నాను. ఇక్కడ దీన్ని హైడ్రెంట్ బూస్టర్ అంటారు, అమరికకు ఏఎస్ 2419.1 అనే ప్రమాణం ఉంది. రోడ్డు వైపు ఎర్ర తలుపుల పెట్టెలో రెండు రకాల నోళ్లు ఉంటాయి. ఒకవైపు నోళ్ల నుండి ఫైరింజను వీధిలోని ప్రధాన గొట్టం నీళ్లను తీసుకుంటుంది, రెండోవైపు నోళ్లలోకి అవే నీళ్లను ఒత్తిడి పెంచి ఎక్కిస్తుంది. తలుపు లోపల భవనం పటం, ఏ వాల్వు ఎక్కడుందో గుర్తులు, ఎంత ఒత్తిడి పెట్టాలో అంకె చెక్కిన పలక ఉంటాయి. అర్ధరాత్రి వచ్చిన సిబ్బంది ఎవరినీ అడగనక్కర లేదు.

మన ఊళ్లలో వీధి గొట్టంలో అంతటి ఒత్తిడి నీళ్లు ఉండవు కాబట్టి అమరిక వేరుగా ఉండక తప్పదు. కానీ ఆ పలకకు ఖర్చు ఎంత? దాన్ని తెలుగులో రాయించి పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని నా నమ్మకం.

---

విశ్రాంత_అగ్నిమాపక_ఉద్యోగి | మార్చి 12, రాత్రి 8:45

మెల్‌బోర్న్ బాబు చెప్పిన నీళ్ల సంగతే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైనది. 4,500 లీటర్ల ట్యాంకుతో వచ్చిన ఫైరింజను నిమిషానికి 900 లీటర్ల చొప్పున మీ రైజరులోకి తోస్తే ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. తరువాత? రెండో ఇంజను వచ్చేదాకా, బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే అది జనాన్ని దాటుకొని వచ్చేదాకా, పైన ఉన్నవారు ఎదురు చూడాలా? దీనికి సమాధానం మీ సంపులోనే ఉంది. సంపు నుండి ఫైరింజను నీళ్లు పీల్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక గొట్టం బయటికి తెచ్చి ఉండాలి, దాన్ని డ్రా అవుట్ అంటాము. ఇంజను అక్కడి నుండి పీల్చి, పక్కనున్న ఇన్‌లెట్‌లోకి తోస్తుంది. మీ పంపులు చచ్చినా మీ నీళ్లు మీకు పనికొస్తాయి. అయితే పీల్చే ఎత్తు ఏడు మీటర్లు దాటితే ఏ పంపూ సరిగ్గా పీల్చలేదు, కాబట్టి సంపు లోతు, ఇంజను నిలిచే చోటు రెండూ చూసుకోవాలి.

ఎండాకాలంలో బోర్లు ఎండినప్పుడు సంఘాలు ఫైరు సంపులోని నీళ్లను ఇళ్లకు తోడేస్తాయి. దయచేసి అలా చేయకండి. సరైన పద్ధతి ఏమిటంటే, వచ్చే నీళ్లు ముందు ఫైరు సంపులో పడి, అది నిండిన తరువాత పొర్లిన నీళ్లే ఇళ్ల సంపులోకి పోవాలి. నీళ్లు నిల్వ ఉండి పాడవవు, ఫైరు సంపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది.

కొన్ని భవనాల్లో ఒకేలాంటి ఇన్‌లెట్లు రెండు ఉంటాయి. ఒకటి రైజరుకు పోతుంది, రెండోది సంపు నింపడానికి. పేర్లు రాసి లేకపోతే చీకట్లో మావాళ్లు రెండోదానికి హోసు తగిలించి ఇంజను హోరెత్తించినా నీళ్లన్నీ సంపులోకే పోతాయి. పేర్లు పెద్ద అక్షరాలతో రాయించండి. ఇత్తడి, గన్‌మెటల్ మూతలు పాత సామాను కోసం దొంగిలిస్తారని కొందరు ఇన్‌లెట్‌కు తాళం వేస్తారు, అది వద్దు. మూతలకు గొలుసు వేసి, కనిపించేలా ఒక దీపం పెడితే చాలు. మూత పోయిన నోట్లో పిల్లలు రాళ్లు, ప్లాస్టిక్ సీసాలు వేస్తారు. తోసిన నీళ్లతో పాటు అవి వెళ్లి రైజరు మలుపులో ఇరుక్కుంటాయి.

---

సైట్_ఇంజనీరు_రేణిగుంట | మార్చి 13, ఉదయం 8:00

నా మొదటి అభిప్రాయాన్ని మార్చుకుంటున్నాను. మేము అప్పగించిన భవనాల్లో ఇన్‌లెట్ గుండా నీళ్లు తోసి పరీక్షించిన సందర్భం నాకు ఒక్కటి కూడా గుర్తు రావడం లేదు. పంపులు తిప్పి పైన ధార చూపించి పత్రాల మీద సంతకాలు తీసుకున్నాము. ఇకపై అప్పగించే ముందు ప్రతి నాన్ రిటర్న్ వాల్వు బాణం ఫొటో తీయించి కాగితాలతో జత చేయిస్తాను.

---

ఎయిర్‌బైపాస్_కార్యదర్శి | ఏప్రిల్ 17, రాత్రి 7:55

ఆలస్యానికి మన్నించండి. మార్చి చివరి వారంలో వాల్వును తిప్పి బిగించాము. విప్పినప్పుడు తలుపు కీలు దగ్గర వేలి మందాన తెల్లటి సున్నపు పొర గట్టిపడి ఉంది, దాన్ని ఉలితో కొట్టి తీయవలసి వచ్చింది. వాషర్లు నాలుగూ మార్చాము. వెనక వాల్వు తెరిచి మూడు వారాలయింది, ఒక్క చుక్క కారలేదు.

ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు జరిగే అగ్నిమాపక వారోత్సవాల సందర్భంగా అభ్యర్థన పెట్టుకుంటే, ఈ ఉదయం ఫైరింజను తెచ్చి పరీక్షించారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి ప్రాణాలు అర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిగా ఈ వారం జరుపుతారని వచ్చిన అధికారి పిల్లలకు చెప్పారు. మా పంపులు మూడూ ఆపి ఉంచాము. ఇంజను దగ్గర గేజి 7.5 చూపించినప్పుడు తొమ్మిదో అంతస్తులో నేను పట్టుకున్న గేజి ముల్లు 4.6 దగ్గర నిలిచింది. నాజిల్ తెరిచిన తరువాత 3.7కు దిగి అక్కడే నిలకడగా ఉంది. మొదట మేడ మీది గాలి వదిలే వాల్వు నుండి ఈల వేసినట్టు చప్పుడు వచ్చి, తరువాత హోసు నేల మీద పాములా కదిలి బిగుసుకుంది.

పరీక్షలో ఒక లోపం బయటపడింది. సంపు నుండి పీల్చే డ్రా అవుట్ గొట్టం మా దగ్గర ఉంది గానీ, దాని మూత తుప్పు పట్టి రాలేదు, రెంచి వేసినా కదలలేదు. మేస్త్రి అన్న వచ్చే ఆదివారం వస్తానన్నారు.

---

విశ్రాంత_అగ్నిమాపక_ఉద్యోగి | ఏప్రిల్ 17, రాత్రి 9:30

3.7 మంచి అంకె, సంతోషం. ఆ 7.5 అంకెను ఇన్‌లెట్ పక్కన రేకు మీద రాయించండి. వెనక వాల్వు చక్రాన్ని తెరిచిన స్థితిలోనే సన్నటి తీగతో కట్టి సీలు వేయించండి, కత్తిరిస్తే తప్ప ఎవరూ తిప్పలేని విధంగా. డ్రా అవుట్ మూత వచ్చిన తరువాత మళ్లీ ఇంజనును పిలిపించి, సంపు నుండి పీల్చి చూడాలి. ఆ రోజు నేను కూడా వస్తాను.